మొక్క లేని మందు

"అయితే చారులో కరివేపాకు వెయ్యడానికి కూడా మీ డైరెక్టరుగారి సంతకం కావాలా?" అని మళ్ళీ అడిగాను.

"సంతకం అక్కర్లేదు. ముందస్తుగా ఒక ముక్క తెలియజేస్తే చాలు," అన్నారు మావారు పేపరు దించకుండానే.

"ఇక్కడ పోపు మాడిపోతోంది. ఎప్పుడు తెలియజెయ్యమంటారు?"

"అందుకే ముందస్తుగా అన్నాను."

"పోనీ బజార్లో ఓ కట్ట కొని తెచ్చి పడెయ్యండి."

"బజారుదైనా కరివేపాకు కరివేపాకే. దాన్లో కాన్సరును చంపే పదార్థం ఉందని మొన్ననే మా కేంద్రం ప్రకటించింది. సాక్షాత్తూ జాయింటు డైరెక్టరింట్లో దాన్ని పోపులో వేసి, తర్వాత కంచం పక్కకి ఏరి పారేస్తున్నారని తెలిస్తే బావుంటుందా?"

హాల్లోంచి మా వదినగారు కేకేశారు. "ఒరేయ్ కామేశం, ఏదో ఒకటి వెయ్యనీరా దాన్ని. పొద్దున్న ఆ కషాయం తాగిన దగ్గర్నుంచీ నోరు నోరులా లేదు."

"ఆ కషాయం కరివేపాకుదేనే అక్కయ్యా!"

"మరింకేం? లోపలికి వెళ్ళాల్సింది ఎలాగూ వెళ్ళింది. చారులో రెండు రెబ్బలు పడితే ఎక్కువైపోతుందా?"

ఆ రోజు కూడా చారు కరివేపాకు లేకుండానే పోసుకున్నాం. మా పెరట్లో కరివేపాకు చెట్టు మాత్రం గాలికి హాయిగా ఊగుతోంది. దాని మొదట్లో చిన్న రేకు పలక ఉంది. దానిమీద ఔషధ మొక్కల పరిశోధన కేంద్రం ఆస్తి అని రాసి ఉంటుంది. కేంద్రంలో కరివేపాకు మీద పనిచేసే కుర్రాడికి ఆకు చాలకపోతే మావారు ఒక సంచెడు మా చెట్టునుంచి కోసి పట్టుకెళ్ళారు. అప్పట్నుంచి ఆ చెట్టు ప్రభుత్వానిదైపోయింది. నీళ్ళు పొయ్యడం ఒక్కటే మా వంతుకి మిగిలింది.

మా ఊరి చివర, నర్సరీలు దాటాక, పచ్చ గేటున్న పెద్ద భవనమే ఆ కేంద్రం. మొక్కల్లోంచి పదార్థాలు వేరుచేసి, అవి కాన్సరు కణాల్ని చంపుతాయో లేదో చూడ్డం అక్కడి పని. ఆ పని ఎలా చేస్తారో నాకు ప్రసూన చెప్పింది. ప్రసూన మా చెల్లెలి కూతురు. ఆ కేంద్రంలోనే పీహెచ్‌డీ చేస్తూ మా ఇంట్లో ఉంటోంది.

"మన కాఫీ డికాషన్‌లాంటిదే పెద్దమ్మా," అంది అది. "ఆకు ఎండబెట్టి పొడి చేస్తాం. ఆ పొడిని స్పిరిట్‌లాంటి ద్రావకంలో నానబెడతాం. ఆకులో ఉన్న సారం అందులోకి దిగుతుంది. అప్పుడు ద్రావకాన్ని ఆవిరి చేసేస్తే అడుగున జిగురు మిగులుతుంది. దాన్ని గాజు గొట్టాల్లోంచి పోనిచ్చి దేనికది వేరుచేస్తాం. చిన్న చిన్న గాజు గిన్నెల్లో కాన్సరు కణాలు పెంచుతాం కదా, వాటిమీద చుక్క వేసి చూస్తాం. చస్తే పనిచేసినట్టు."

"చావకపోతే?"

"చావకపోవడం అనేది మా కేంద్రంలో లేదు పెద్దమ్మా."

అది వెక్కిరింపుగా అందనుకున్నాను. కాదు. డైరెక్టరు ధర్మలింగంగారు వచ్చిన కొత్తలో జారీ చేసిన ఉత్తర్వు ఒకటి ప్రతి గది గోడమీదా అద్దం కట్టించి ఉంది. 'ప్రతికూల ఫలితములు ప్రజానీకమునందు నిరుత్సాహమును, సిబ్బందియందు అలసత్వమును కలిగించును గావున, ఏ మొక్కయందైననూ కాన్సరు నిరోధక గుణము లేదని ఏ పరిశోధకుడునూ నివేదించరాదు. అట్టి గుణము కనబడని యెడల మరికొంత శ్రద్ధతో చూడవలెను.'

ఒకరు చూసిన మొక్క మరొకరు చూడకూడదని ఇంకో నియమం. అందువల్ల మొదట వచ్చినవాళ్ళు వేప, తులసి, ఉసిరి పట్టుకుపోయారు. తర్వాతవాళ్ళకి గోంగూర, బచ్చలి, మునగ దక్కాయి. అన్నీ నెగ్గాయి. ఆ తర్వాతవాళ్ళు కేంద్రం ముందున్న పచ్చిక మీద పడ్డారు. అదీ నెగ్గింది. కాకరపాదు మీద పనిచేసిన అబ్బాయికి ఉద్యోగం వచ్చింది. ఆనపపాదు మీద పనిచేసిన అమ్మాయికి పెళ్ళి కుదిరింది. బిళ్ళగన్నేరును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దాన్లోంచి కాన్సరుకు నిజంగానే మందులు తీసి ప్రపంచమంతా వాడుతున్నారు కాబట్టి అది పాతబడిన మొక్క అని డైరెక్టరుగారు తోసిపుచ్చారు.

కేంద్రంలో ఏ మొక్క నెగ్గితే ఆ ఆకు సాయంత్రానికి మా ఇంటికొచ్చేది. ఎందుకంటే మా వదినగారి ఎడమ రొమ్ములో గడ్డ ఉంది.

వదినగారి పేరు భ్రమరాంబ. హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయాక తమ్ముడి దగ్గరే ఉంటున్నారు. గడ్డలోంచి ముక్క తీసి పరీక్ష చేయించాం. కాన్సరే అన్నారు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. "ఇంకా పాకలేదు. ఇప్పుడు ఆపరేషన్ చేసేస్తే బావుంటారు. ఆలస్యం చేస్తే మాత్రం నేను మాటివ్వలేను."

మావారు రిక్షాలో వస్తున్నంతసేపూ అక్కగారి చెయ్యి పట్టుకునే ఉన్నారు. ఆయనకి అక్కగారంటే ప్రాణం. తల్లి పోయాక ఈవిడే పెంచింది. గుమ్మంలో దిగుతూ అన్నారు: "కాన్సరును చంపే మొక్కలు ఇన్ని మా చేతిలో పెట్టుకుని నిన్ను కత్తి కింద ఎలా పడుకోబెడతానే అక్కయ్యా? నలుగురూ ఏమంటారు?"

వదినగారు తలూపారు. ఆవిడకి ఆపరేషనంటే భయం. ఆ భయానికి ఒక మర్యాదైన కారణం దొరికింది.

దాంతో ఆపరేషన్ వాయిదా పడింది. వేపచిగురు ముద్ద అయ్యాక చూద్దామన్నారు. తర్వాత నేలవేము కషాయం అయ్యాక అన్నారు. తర్వాత కరివేపాకు. డాక్టరమ్మ ఫోను చేసినప్పుడల్లా మావారు, "ప్రస్తుతం మరొక మొక్క పరిశీలనలో ఉందండీ," అని జవాబిచ్చేవారు.

ఇంతలో ప్రసూనకి మొక్క కేటాయించవలసి వచ్చింది. అప్పటికి మొక్కలన్నీ అయిపోయాయి. మొక్కల కేటాయింపు సంఘం రోజంతా కూర్చుని, ఆఖరికి కిటికీలోంచి బయటికి చూసి, ప్రసూన పేరున వయ్యారిభామ రాసింది. రోడ్ల పక్కన తెల్లటి పువ్వులతో విరగబూసి, తాకితే ఒళ్ళంతా దద్దుర్లు పుట్టించే ఆ పిచ్చిమొక్కే.

"ఊరంతా పీకి తగలెయ్యమని దండోరా వేస్తూంటే నువ్వు దాన్ని పట్టుకొచ్చి నీడన ఎండబెడుతున్నావేమిటే?" అన్నాను.

"నా పీహెచ్‌డీ అదే పెద్దమ్మా," అని అది చేతులకి కొబ్బరినూనె రాసుకుంది.

వయ్యారిభామ కూడా నెగ్గింది. చుక్క వేసీ వెయ్యగానే కణాలు చచ్చిపోయాయి. కేంద్రంలో స్వీట్లు పంచారు. మావారు ఆ సాయంత్రం కాగితంలో చుట్టి ఒక పొట్లం తెచ్చారు. ప్రసూన ఆయన చేతిలోంచి దాన్ని లాక్కుని పెరట్లో పాతిపెట్టి, చేతులు మూడుసార్లు కడుక్కుంది.

"ఇది అత్తయ్య లోపలికి వెళ్ళడానికి వీల్లేదు పెద్దనాన్నా. నాకేదో తేడాగా ఉంది."

"తేడా ఏమిటి? పనిచేసిందిగా!"

"అదే తేడా. అన్నీ పనిచేస్తాయేమిటి?"

ఆ అనుమానంతోనే అది ఒక పని చేసింది. మొక్క సారం వేసిన గిన్నె పక్కన, ఏ మొక్కా కలపని ఉత్త ద్రావకం వేసిన గిన్నె కూడా ఒకటి పెట్టాలట. రెండూ పోల్చి చూడాలట. లోకంలో ఎక్కడైనా అలాగే చేస్తారట. కేంద్రంలోనూ ఒకప్పుడు చేసేవారు. పొదుపు చర్యల్లో భాగంగా డైరెక్టరుగారు ఆపించారు. 'మొక్కయే లేని గిన్నెపై ప్రజాధనమును వెచ్చించుట ఔషధ మొక్కల పరిశోధన కేంద్రపు ఆశయములకు విరుద్ధము' అని దానికీ ఒక ఉత్తర్వుంది.

ప్రసూన ఎవరికీ చెప్పకుండా ఆ ఖాళీ గిన్నె పెట్టింది. కణాలు చచ్చిపోయాయి. మొక్క సారంతో చచ్చినదానికన్నా ఇంకా త్వరగా చచ్చాయి.

తర్వాత వయ్యారిభామ సారంలోంచి ద్రావకం వాసన కూడా మిగలకుండా ఎగరగొట్టి మళ్ళీ వేసింది. ఈసారి కణాలకి చీమ కుట్టినట్టయినా లేదు. అలమరలో దాచిన వేప సారం తీసి అలాగే చేసింది. కరివేపాకుది కూడా. అన్నిట్లోనూ కణాలు నిక్షేపంలా ఉన్నాయి. ఇన్నేళ్ళుగా అక్కడ ద్రావకాన్ని సరిగా ఆవిరి చెయ్యకుండానే సారం అంటున్నారు. అడుగున మిగిలిపోయిన ద్రావకమే ఇన్ని మొక్కలకీ పేరు తెచ్చిపెట్టింది.

అది ఆ సంగతి చెప్పడానికి నిపుణుల సంఘం ముందుకు వెళ్ళింది. ఆ సంఘంలో డైరెక్టరుగారు, మావారు, లెక్కల అధికారి ఉన్నారు. అక్కడ జరిగింది మావారూ ప్రసూనా ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పారు. మాటల్లో ఎక్కడా తేడా లేదు. ఆయన గర్వంగా చెప్పారు, అది ఏడుస్తూ చెప్పింది, అంతే.

"ఈ గిన్నెలో మొక్క ఏ మేరకు ఉన్నది?" అని డైరెక్టరుగారు అడిగారట.

"అసలు లేదు సార్."

"ఆకు?"

"లేదు సార్."

"పోనీ వేరు, బెరడు?"

"ఏమీ లేదు సార్. నేను చెబుతున్నది అదే."

"కణములు మరణించినవా?"

"చచ్చిపోయాయి సార్."

"వేప కన్నా వేగముగానా?"

"అవును సార్. వేప గిన్నెలో కాస్త ఆకు అడ్డం ఉంటుంది కదా."

డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారట. ప్రసూన గుండె దిటవు చేసుకుని మొత్తం చెప్పేసింది. "దీనర్థం ఏమిటంటే సార్, మనం ఇంతవరకూ చూసినవేవీ మొక్కల గుణాలు కావు. ద్రావకం విషం. అది పడితే ఏ కణమైనా చస్తుంది. కిరసనాయిలు పోసినా చస్తాయి సార్."

"కిరసనాయిలు మన పరిధిలోనికి రాదమ్మా. అది పౌర సరఫరాల శాఖ," అన్నారు డైరెక్టరుగారు. తర్వాత లేచి నిలబడ్డారు. ఆయన లేచారని మావారూ లెక్కల అధికారీ లేచారు. "అమ్మాయీ, నీవు ఏమి కనుగొన్నావో నీకు తెలియుట లేదు. మనము పరీక్షించిన సమస్త మొక్కల కన్నా, మొక్క లేకుండుట ఎక్కువ శక్తివంతమని నిరూపించితివి. ఇంతకాలము మొక్కలే మనకు అవరోధమై నిలిచినవి!"

"అది కాదు సార్..."

"వినయము పరిశోధకులకు అలంకారమే. అతి మాత్రము కూడదు."

లెక్కల అధికారికి ఒక్కటే సందేహం వచ్చిందట. మొక్కలు కొనడానికి మంజూరైన సొమ్ము ఉంది. ఇకమీదట మొక్క అక్కర్లేదంటే అది మురిగిపోతుంది. చాలాసేపు చర్చించి, మొక్కలను యథావిధిగా కొనవలెననియు, వాడరాదనియు తీర్మానించారు. మర్నాటినుంచి నర్సరీల లారీలు పచ్చ గేటులోంచి లోపలికి వెళ్ళి, క్రోటన్ మొక్కలు దింపి, ఖాళీగా తిరిగొచ్చేవి.

ఇక పేరు పెట్టాలి. ఆ గౌరవం మావారికి దక్కింది. రెండు నిఘంటువులు తిరగేసి 'నిర్మూలిక' అని పెట్టారు. శాస్త్రీయ వివరాల దగ్గర ఆకు, పువ్వు, కాయ అన్నిటికీ 'వర్తించదు' అని రాశారు.

కేంద్రంలో గుర్తించిన ప్రతి ఔషధానికీ తోటలో ఒక మడి కేటాయించాలన్నది ఇంకో నియమం. నిర్మూలికకి అన్నిటికన్నా పెద్ద మడి ఇచ్చారు. ఊళ్ళో అందరూ వెళ్ళి చూసొస్తున్నారంటే నేనూ ఒక మధ్యాహ్నం మావారి కేరేజీ ఇచ్చే వంకతో వెళ్ళాను. చుట్టూ ముళ్ళతీగ. మధ్యలో నున్నగా దువ్విన మట్టి. ఒక బోర్డు. 'నిర్మూలిక సాగు క్షేత్రము. లోపల ఏమియూ లేదు. దయచేసి తొక్కరాదు.'

తోటమాలి సూరన్న గొట్టంతో తడుపుతున్నాడు.

"ఏం సూరన్నా, బాగా వస్తోందా?"

"ఏం రావడమండమ్మా, నా ప్రాణానికొచ్చింది. నీళ్ళు పొయ్యకపోతే పోసన లేదని మెమో ఇత్తారండి. పోత్తే గడ్డి మొలుత్తాదండి. గడ్డి మొలిత్తే పంట పాడైందని ఇంకో మెమో అండి."

"మరేం చేస్తున్నావు?"

"పొద్దున్న తడుపుతానండి, సాయంత్రం పీకుతానండి. నిన్న దొరగారు సూసి, ఏపుగా ఉందన్నారండి."

ఆ దొరగారు మావారే. ఇంటికొచ్చాక నేను ఆ సంగతి ఎత్తలేదు. ఆయన ఆ సాయంత్రం ఎంతో సంతోషంగా ఉన్నారు. చేతిలో గాజు సీసా ఒకటి ఉంది, దాని మెడకి పచ్చ రిబ్బను కట్టి ఉంది.

"ఇదిగోనే అక్కయ్యా. మొదటి సీసా నీకే. రోజుకి రెండు పూటలా మూడేసి చెంచాలు."

ప్రసూన గబుక్కున లేచింది. "పెద్దనాన్నా! ద్రావకమా ఇది? తాగితే మనిషి..."

"నాకా మాత్రం తెలీదటే? ద్రావకం విషమని నువ్వే చెప్పావుగా. ప్రజలకిచ్చేదాంట్లోంచి అది పూర్తిగా తీసేశాం."

"మొక్క?"

"మొక్క మొదట్నుంచీ లేదు."

"మరి ఇందులో ఏముంది?"

"నిర్మూలిక," అన్నారు ఆయన ఓపిగ్గా. "దేన్నో ఒకదాంట్లో కలపాలి కాబట్టి కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపాం."

వదినగారు చెంచా తెచ్చుకుని తాగారు. ఎప్పుడూ కషాయం తాగాక మొహం చిట్లించుకుని బెల్లంముక్క అడిగేవారు. ఈసారి అడగలేదు.

ఆ తర్వాత డైరెక్టరుగారే స్వయంగా మా ఇంటికొచ్చారు. ఆయనకి పెద్ద కుర్చీ వేశాం. కాఫీ ఇచ్చాను. బుధవారంనాడు మంత్రిగారు వచ్చి నిర్మూలికను జాతికి అంకితం చేస్తారట. వేదికమీద ప్రసూనకి శాలువా కప్పుతారట. వదినగారిని తొలి లబ్ధిదారుగా పరిచయం చేస్తారట.

"తమరు ఒక్క వాక్యము పలికిన చాలును," అన్నారు డైరెక్టరుగారు వదినగారితో. "నిర్మూలిక సేవించి నేను పూర్తి స్వస్థత పొందితిని, అని."

"ఇంకా పొందలేదు కదండీ."

"బుధవారమునకు పొందెదరు. ఆహ్వాన పత్రికలు అచ్చయినవి."

"గడ్డ అలాగే ఉందండీ. కాస్త పెరిగినట్టుంది కూడా."

డైరెక్టరుగారు మావారి వైపు చూశారు. మావారు అక్కగారి వైపు చూశారు. "పోయే ముందు కొంచెం అలా పెరుగుతుందే అక్కయ్యా," అన్నారు.

ఆయన అబద్ధం చెబుతున్నారని నాకు అనిపించలేదు. అదే నన్ను భయపెట్టింది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆయన ఏది నమ్మాలంటే అది నమ్మగలరని నాకు తెలుసు. అక్కగారు బతకాలి, ఆపరేషన్ జరగకూడదు, డైరెక్టరుగారు చెప్పింది నిజం కావాలి. ఆ మూడూ ఒక్క సీసాలో ఇమిడిపోతూంటే ఆయన మాత్రం ఎందుకు కాదంటారు?

డైరెక్టరుగారిని సాగనంపడానికి మావారు వీధిలోకి వెళ్ళారు. ఫోను మోగితే నేనే తీశాను. డాక్టరమ్మ.

"అమ్మా, చివరిసారి అడుగుతున్నాను. ఈ బుధవారం ఆపరేషన్‌కి ఖాళీ ఉంది. ఇది పోతే మళ్ళీ ఎప్పుడిస్తానో తెలీదు. అప్పటికి నేను చెయ్యగలిగింది ఉంటుందో లేదో కూడా తెలీదు. ఆవిడకి చెప్పండి. మీ ఆయనకి కాదు, ఆవిడకి."

ఆవిడకే చెప్పాను. వదినగారు మంచం పట్టెమీద కూర్చుని విన్నారు. పక్కనే ప్రసూన ఉతికిన బట్టలు మడతలు పెడుతోంది.

"ప్రసూనా, ఇలా కూర్చోవే," అన్నారు ఆవిడ. "నాకు దాచకుండా చెప్పు. ఆ సీసాలో ఏముంది?"

"ఏమీ లేదత్తయ్యా."

"మందు తక్కువుందా, అసలు లేదా?"

"అసలు లేదు. నీళ్ళు."

"అంతకుముందు తాగిన కరివేపాకు?"

ప్రసూన చేతిలో చీర అలాగే పట్టుకుని ఉండిపోయింది. "ఆకు నీళ్ళు."

"నేలవేము?"

"అదీ అంతే. నేను కొన్ని చూశాను అత్తయ్యా. మొక్కల్లో మందు ఉండదని కాదు. బిళ్ళగన్నేరులోంచి తీసిన మందులు ఇవాళ ఆస్పత్రుల్లో ఎక్కిస్తున్నారు. కాని వాటిని ఏళ్ళ తరబడి చూశారు. ఖాళీ గిన్నె పక్కన పెట్టి చూశారు. మనుషులకి ఎంత ఇవ్వాలో చూశారు. మా దగ్గర ఎవరూ ఏమీ చూళ్ళేదు. నేను ముందే నీకు చెప్పాల్సింది. పెద్దనాన్న బాధపడతారని ఊరుకున్నాను."

వదినగారు దాని చేతిలోంచి ఆ చీర తీసుకుని తనే మడత పెట్టారు. ఏడుస్తారేమోనని నేను దగ్గరికి జరిగాను. ఆవిడ ఏడవలేదు.

"నీకో సంగతి చెప్పనా విశాలం?" అన్నారు నాతో. "ఆ కషాయాలు చేదుగా ఉండేవి. పొద్దున్నే గొంతు దిగేది కాదు. ఇంత చేదు మింగుతున్నానంటే నేనేదో చేస్తున్నట్టే ఉండేది. ఆపరేషన్ తప్పించుకుంటున్నానని తోచేది కాదు. ఈ సీసా మొదటి చెంచా నోట్లో పోసుకోగానే ఉత్త నీళ్ళలా తగిలింది. అప్పుడేనే నాకు భయం వేసింది. ఎన్నాళ్ళబట్టో నేనేమీ చెయ్యడం లేదని తెలిసిపోయింది."

"మరి అన్ని రోజులూ ఎందుకు తాగారు వదినగారూ?"

"వాడి మొహం చూసి. తెస్తూ తెస్తూ వాడు రిబ్బను కూడా కట్టించాడు."

ఫోను ఎలా చెయ్యాలో ఆవిడకి తెలుసు. అయినా ప్రసూన చేత నెంబరు కలిపించుకుని, తలుపు దగ్గరికి వేసుకుని, డాక్టరమ్మతో తనే మాట్లాడారు. ఏం మాట్లాడారో మాకు చెప్పలేదు.

మంగళవారం ఉదయం మావారు బజారు నుంచి తెప్పించిన పూలదండలు లెక్క చూసుకోవడం, వేదికమీద ఎవరు ఎక్కడ కూర్చోవాలో గీసుకోవడం, ఇస్త్రీకి ఇచ్చిన కోటు కోసం మనిషిని పంపడం, ఈ హడావిడిలో ఉన్నారు. వదినగారికి పట్టుచీర తీసి పెట్టమని నాతో చెప్పారు. తీసి పెట్టాను. వదినగారు దాన్ని తిరిగి బీరువాలో పెట్టేశారు. నా రెండు నేత చీరలు అడిగి తీసుకుని, తువ్వాలుతో కలిపి చిన్న సంచిలో సర్దుకున్నారు.

ఆ సాయంత్రం నలుగురం భోజనాలకి కూర్చున్నాం. మావారు మంత్రిగారి కారు ఎక్కడ ఆగాలో, రిబ్బను ఎవరు పట్టుకోవాలో చెబుతున్నారు. నిర్మూలిక మడిలో మంత్రిగారు ఒక చిన్న గుంట తవ్వి, అందులో ఏమీ పెట్టకుండా మట్టి కప్పాలట. దానికి వెండి తాపీ కూడా తెప్పించారట.

"ఒరేయ్ కామేశం," అన్నారు వదినగారు.

"ఆఁ, చెప్పక్కయ్యా. ఆ ఒక్క వాక్యం ఒకసారి అనుకుంటావా?"

"రేపు పొద్దున్న నేను ఆస్పత్రిలో చేరుతున్నాను. ఆపరేషన్ పదింటికి."

మావారు కలుపుతున్న ముద్ద కంచంలోనే ఉండిపోయింది. "రేపా? రేపు సభ కదే!"

"తెలుసు."

"పత్రికల్లో నీ పేరు పడిందే. తొలి లబ్ధిదారని కుర్చీ కూడా కేటాయించాం. ఇప్పుడు డైరెక్టరుగారికి ఏం చెప్పను? ఆ కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టను?"

"ఖాళీగా ఉంచెయ్. మీ దగ్గర ఖాళీ బాగానే పనిచేస్తోందిగా."

ప్రసూన తల వంచుకుంది. నవ్వు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో నాకు తెలియలేదు. మావారు దానివైపు తిరిగారు. "నువ్వైనా చెప్పవే. నీకు శాలువా కప్పుతున్నారు రేపు!"

"నేను అత్తయ్యతో వెళ్తున్నాను పెద్దనాన్నా. సెలవు పెట్టేశాను."

"వాళ్ళు నీ పీహెచ్‌డీ ఆపేస్తారు."

"ఆపితే ఆపుతారు. వయ్యారిభామ పనిచెయ్యలేదని రాసే ఇస్తాను. మరికొంత శ్రద్ధతో చూశాను, అయినా పనిచెయ్యలేదని."

ఆయన నావైపు చూశారు. ముప్ఫయ్యేళ్ళలో అలా ఎప్పుడూ చూడలేదు. నేను వదినగారికి అన్నం వడ్డించాను. మర్నాడు పొద్దున్న ఆవిడ ఏమీ తినకూడదట.

"ఏవే అక్కయ్యా," అన్నారు చివరికి, గొంతు తగ్గించి. "అంటే నేను ఇన్నాళ్ళూ తెచ్చినవి..."

"నువ్వు నా కోసమే తెచ్చావురా. అది నాకు తెలుసు. నేను తాగింది నీ కోసమే. ఇంక చాలు." ఆవిడ కంచంలో అన్నం కలుపుకుంటూ, క్లాసులో పిల్లలకి పరీక్ష తేదీ చెబుతున్నట్టు నిదానంగా చెప్పారు. "డాక్టరమ్మ, ఆపరేషన్‌కి ముందు మీవాళ్ళెవరైనా సంతకం పెట్టాలంది. ఎనిమిదింటికల్లా అక్కడుండాలి. నువ్వొస్తే నువ్వు పెట్టు. నీకు సభ ఉంటే ప్రసూన పెడుతుంది. ఎవరు పెట్టినా నేను మాత్రం వెళ్తున్నాను."